కంచెదిబ్బ దారిలో ఇరవై నిమిషాలు

పోయిన సంవత్సరం నేను జర్మనీ వెళ్ళొచ్చాను. ఈ సంగతి తెలియనివాళ్ళు నెల్లూరులో ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళు ఆ తర్వాత ఆరు నెలలూ ఊళ్ళో లేరన్నమాట. అక్కడ మా టూరు బస్సు ఒక పాత నిర్బంధ శిబిరం ముందు ఆగింది. మనుషుల్ని కంచెలో తోసి, నంబర్లు వేసి, చంపిన చోటు. ఇప్పుడు స్మారకం. గేటు దగ్గర చెవులకు ఆ చోటి కథ చెప్పే యంత్రం తగిలించారు. అందులో పన్నెండు భాషల్లో ఏడవొచ్చు. తెలుగు లేదు కాబట్టి నేను ఇంగ్లీషులో ఏడ్చాను. తిరిగొచ్చాక ఆ ఏడుపు గురించి చెప్పుకునే బతికాను. చెప్పిన ప్రతిసారీ ఆ కంచె ఒక అడుగు ఎత్తు పెరిగింది.

మా వీధిలో రిటైరైన హెడ్మాస్టరుగారు ఒకాయన ఉన్నారు. ఒకరోజు నా జర్మనీని ఏడోసారి ఓపిగ్గా విని, చివర్లో అడిగారు: "అంత దూరం ఎందుకు పోయినావయ్యా? మైపాడుకి పైన కంచెదిబ్బ ఉండాది గదా."

నాకు తెలియదు. తెల్లదొరల కాలంలో కొన్ని కులాల వాళ్ళు పుట్టుకతోనే దొంగలని చట్టం రాసి, కుటుంబాలకు కుటుంబాలను ఎత్తుకొచ్చి, కంచెల్లో పెట్టి పూటపూటా లెక్కపెట్టారని చదివాను. అలాంటి కంచె ఒకటి మా ఇంటి నుంచి పొద్దున కాఫీ తాగి బయల్దేరితే మధ్యాహ్నం అన్నానికి చేరేంత దూరంలో ఉందని, యాభై నాలుగేళ్ళు ఈ జిల్లా అన్నం తిన్నాక తెలిసింది.

వెళ్ళొచ్చాను. ఆ ప్రయాణంలో ఒక నిరపరాధిని పోలీసులకు పట్టించాను కూడా. కావాలని కాదు, నోటి దూలతో. అది ఎలా జరిగిందో మీకు చెప్పాలి.

మైపాడు

ఆ పొద్దున మైపాడు బస్సులో జిల్లా జనాభా సగం ఉంది. మిగతా సగం నా కాళ్ళ మీద నిలబడింది. చేపలమ్ముకుని తిరిగి వెళ్తున్న ఒక అక్క తన గంప తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "రవంత పట్టుకో నాయనా, పుణ్యముంటాది" అంది. గంప ఖాళీదే. వాసన మాత్రం అంచుల దాకా ఉంది. ఆ వాసన ఇప్పటికీ నా ప్యాంటులో కాపురం చేస్తోంది, మా ఆవిడ దానికి విడిగా తాడు కట్టి ఆరేసింది.

సముద్రం దగ్గర పది మంది వల లాగుతున్నారు. నాకూ ఉత్సాహం వచ్చి తాడు చివర పట్టుకున్నాను. రెండు నిమిషాల్లో వెల్లకిలా పడ్డాను. "ఈ చేప ఎక్కువ తూగుతాదిరా!" అన్నాడు ఒకాయన. వలలో పడినవన్నీ కలిపినా ఆ మాటకున్నంత బరువు లేదు. ఆ అవమానం పోగొట్టుకోవడానికి ఇసకలో పరిగెత్తే ప్రతి పీతకూ ఫోటో తీశాను. పదకొండు గంటలకల్లా ఫోను ఛార్జి అయిపోయి కన్నుమూసింది. ఈ విషయం మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నేను మాత్రం మరిచిపోలేను.

ఆటో స్టాండులో ఒకే ఒక ఆటో ఉంది. డ్రైవరుకు ముప్పై అయిదేళ్ళుంటాయి. పేరు చెంచయ్య. నల్లగా, సన్నగా, నిద్రలో కూడా నవ్వేలా ఉన్నాడు.

"యాడికి సారూ?"

"కంచెదిబ్బ."

"కంచెదిబ్బకా? ఆడ ఎవురన్నా పోయినారా?"

"లేదు, చూడ్డానికి."

"చూసేదానికా!" అతను ఆటో దిగి నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. "మా ఊరే సారూ అది. నాకు ఊహ తెలిసినకాడ్నుంచి ఆ ఊరికి ఓట్లకొచ్చినారు, కేసులకొచ్చినారు. చూసేదానికని ఒచ్చినోడివి నువ్వే. ఎక్కు. రానూపోనూ ఎనిమిది నూర్లు."

ఆరు వందలకు బేరమాడాను. జర్మనీలో టికెట్టు ఎంతంటే అంత ఇచ్చి, పైగా థాంక్యూ చెప్పి వచ్చినవాణ్ణి.

రొయ్యల గుంటల కట్ట

ఆ ఆటో మూడు చక్రాల మీద నడుస్తుందనేది ఒక నమ్మకం మాత్రమే. దారికి రెండు పక్కలా రొయ్యల గుంటలు. ఒకప్పుడు వరి పండిన నేలంతా ఇప్పుడు చతురస్రాలుగా కోసిన ఉప్పునీళ్ళు. గుంట గుంటలోనూ చక్రాల మోటార్లు నీళ్ళను చిలుకుతున్నాయి. రొయ్యలకు ఊపిరాడటానికట. సగం దూరం వెళ్ళామో లేదో వెనక టైరు ఢామ్మంది.

"స్టెప్నీ ఏదయ్యా?"

"అదే సారూ ఇప్పుడు పేలింది."

చెంచయ్య చక్రం ఊడదీసి, అటుగా వచ్చిన మోపెడ్ ఎక్కి, చక్రాన్ని ఒళ్ళో పసిబిడ్డలా పెట్టుకుని పంచరు కొట్టుకి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, "యాడికీ పోబాక సారూ, ఇట్టే ఒస్తా" అన్నాడు. నేను గడియారం చూశాను. పన్నెండూ పది. గుంట కట్ట మీద ఒక తుమ్మచెట్టు నీడ ఉంది, తువ్వాలంత. అందులో నేను పట్టినంత మేర కూర్చున్నాను. ఒక కొంగ వచ్చి నన్ను చూసి, తినేంత విశేషం లేదని వెళ్ళిపోయింది. మోపెడ్ తిరిగి వచ్చింది. గడియారం చూశాను. పన్నెండున్నర.

ఇరవై నిమిషాలు. ఇందులో ఒక్క నిమిషం కూడా ఎక్కువ తక్కువ లేదు.

కంచెదిబ్బ

నేను ముళ్ళకంచె ఉంటుందనుకున్నాను. కంచె లేదు. ఎప్పుడో తీసేశారు. నాలుగు రాతి కూసాలు మిగిలాయి. వాటికి మేకల్ని కట్టేస్తున్నారు. ఊరి నడుమ ఒక పెంకుల గది ఉంది. దాని ముందు దూలానికి వేలాడుతున్న రైలు పట్టా ముక్క, గోడకు ఆనించి నిలబెట్టిన నిలువెత్తు నల్లరాయి, దాని నిండా ఆ కంచెలో లెక్కపెట్టినవాళ్ళ పేర్లు. స్మారకం అంతే. ఊళ్ళోవాళ్ళే పెట్టుకున్నారు. తాళంచెవి చెంచయ్య తల్లి పోలమ్మ కొంగున ఉంటుంది. అరవై అయిదు దాటిన మనిషి. అక్షరం రాదు, ఆ రాతి మీద పేర్లన్నీ వరసగా వచ్చు.

"ఈ పట్టా మీద కొడితే ఊరంతా వొచ్చి వరసలో నిలబడాల," అంది ఆమె. "పొద్దున, మాపున, మళ్ళీ నడిరేతిరి. హాజరు రాసే రైటరు పేరు పిలస్తాడు. ‘ఉండా సామీ’ అనాల. జరమొచ్చినోణ్ణి మంచంతో మోసకొచ్చేవోళ్ళంట."

"మీ అమ్మానాన్నలు చెప్పారా?"

"మా నాయన ఈడనే పుట్టినాడు. బిడ్డ పుట్టినాడంటే మంత్రసాని చేతులు కడుక్కోకముందే రైటరు వాకిట్లో ఉండేవోడంట. తల్లి పేరు పెట్టేదానికి ముందే ఆయన నంబరేసేవోడు."

"మీ నాన్న ఏం దొంగతనం చేశాడనీ?"

"పుట్టినాడు గదా," అంది పోలమ్మ.

 

స్వాతంత్ర్యం వచ్చాక కొన్నేళ్ళకి ఆ చట్టం పోయింది, కంచె పోయింది, రైటరు పోయాడు. అప్పటి నుంచి ఏటా ఒక రోజు ఊళ్ళో ఒక ఆచారం నడుస్తోంది. ఊరంతా వరసలో నిలబడుతుంది. ఒకరు రాతి మీది పేర్లు పిలుస్తారు. ఊరు జవాబు చెబుతుంది. పాత జవాబు కాదు, కొత్తది.

"నువ్వు సదువు నాయనా, సూస్తువుగాని," అంది పోలమ్మ.

"ఈ రోజు కాదు కదా?"

"సదివేవోడు దొరికిందే పండగ. సదువు."

నేను గొంతు సవరించుకుని మొదటి పేరు చదివాను. పోలమ్మ మెడ పైకెత్తి, దిబ్బ దాటి సముద్రానికి వినపడేలా అరిచింది: "లేడు సామీ! యెల్లిపోయినాడు!"

రెండో పేరుకి పక్కింటి అరుగు మీద బియ్యం ఏరుతున్న ఆమె చేట వదలకుండానే అందుకుంది: "లేదు సామీ! యెల్లిపోయింది!" మూడో పేరుకి వీధి మొత్తం అందుకుంది. నవ్వుతున్నారు. చెంచయ్య ఆటో తుడుస్తూ అందరికన్నా గట్టిగా అరుస్తున్నాడు. తప్పించుకున్న ఒక్కొక్కణ్ణీ వెనకేసుకొస్తున్నట్టు, పిలిచేవాణ్ణి ఏడిపిస్తున్నట్టు. నేను రాయి చివర దాకా చదివాను. గొంతు ఎండిపోయింది. జర్మనీలో గోడ గోడకీ నిశ్శబ్దం పాటించమని బోర్డు ఉంది. ఇక్కడ ఊరు ఊరంతా కేకలేసింది. నాకు కన్నీళ్ళు రాలేదు. వచ్చి ఉంటే బిందెల లెక్కన మీకు చెప్పేవాణ్ణే.

తర్వాత పోలమ్మ అన్నం పెట్టింది. ముందు రోజు వండిన చేపల పులుసు, మామిడికాయ ముక్కలు వేసింది. నెల్లూరులో పేరున్న హోటళ్ళ వాళ్ళంతా ఆ చట్టి ముందు వరసలో నిలబడి హాజరు పలకాలి. డబ్బులివ్వబోతే, "అన్నానికి గూడా రేటు గడతావా, ఏంది మడిసివి నువ్వు?" అని కసిరింది.

రమణక్క మెస్సు

చెంచయ్య మళ్ళీ మైపాడులో దించేసరికి సాయంత్రమైంది. నేను ఆరు వందల బేరం పక్కన పెట్టి, అతను మొదట అడిగిన ఎనిమిది వందలే ఇచ్చాను. బస్సు తప్పిపోయింది కాబట్టి లాడ్జిలో గది తీసుకుని, చీకటి పడకముందే రమణక్క మెస్సులో దోసెకు కూర్చున్నాను. అక్కడ నలుగురు ఉన్నారు. నలుగురు వినేవాళ్ళు దొరికితే నాకు ఆకలి గుర్తుండదు.

కంచెదిబ్బ గురించి చెప్పాలని నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. కానీ ‘పుట్టినాడు గదా’ అన్న మాటను దోసెలు తినేవాళ్ళకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆ మాట గొంతులో అడ్డంపడి, దాని పక్కనుంచి పంచరు కథ బయటికొచ్చేసింది.

"ఆ ఆటోవాడు నన్ను నడిరోడ్డు మీద పారేసి పోయాడు రమణక్కా! ఇట్టే వస్తానన్నాడు. గంటయింది, రాలేదు."

"అయ్యో, గంటా?"

ఆ ‘అయ్యో’ నా కొంప ముంచింది. ‘అయ్యో’ వినపడితే నా నాలుక ఆగదు.

"గంటా? మూడు గంటలు! పదకొండుకి పోయినవాడు రెండు దాటాక వచ్చాడు! ఆ రొయ్యల గుంటల దగ్గర ఎండకు నేను సగం ఉడికాను. రొయ్యలు గట్టుకొచ్చి నన్ను వాసన చూసి, ఇంకో రెండు విజిల్స్ రావాలనుకున్నాయి!"

రమణక్క పొట్ట పట్టుకుని నవ్వింది. మూల బల్ల దగ్గర ఒకాయన నవ్వలేదు. పేరు మాల్యాద్రి అని, గుంటల మీద సూపర్వైజరని తర్వాత తెలిసింది. చేయి కడుక్కుని వచ్చి నెమ్మదిగా అడిగాడు: "యా గుంటల కాడ సార్?"

చెప్పాను.

"ఆటో యా ఊరిది?"

"కంచెదిబ్బ."

"పదకొండు నుంచి రెండు దాకా కనపళ్ళేదు. అంతేగా?"

"దేవుడి మీద ఒట్టు!" అన్నాను. ఆ మాట కూడా అన్నాను.

అతను డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. హాస్యం తెలియని మనిషి అనుకుని ఇంకో దోసె చెప్పాను.

స్టేషన్

పొద్దున లాడ్జి మెట్ల మీద పోలమ్మ కూర్చుని ఉంది. అంత దూరం నడిచొచ్చింది.

"మావోణ్ణి తీసకపోయినారు నాయనా. గుంట కాడ మోటార్లు రెండు పోయినాయంట. నిన్న మద్దినేళ కాపలావోడు అన్నానికి పోయినప్పుడు పోయినాయంట. మావోడు నీతోనే గదా ఉండాడు? నువ్వొచ్చి ఆ ఒక్క మాట చెప్పు."

ఆమెకు ఇంకా తెలియదు. నేను చెప్పలేదు. ఆ దారి పొడుగునా చెప్పలేదు.

స్టేషన్లో చెంచయ్య గోడవార గొంతుక్కూర్చుని ఉన్నాడు. చొక్కా లేదు. నన్ను చూడగానే లేచాడు. "సారొచ్చినాడు! అడగండి సార్, సార్నే అడగండి!"

ఎస్సైగారు మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించారు, టీ తెప్పించారు. అంతా చెప్పాను. పన్నెండూ పదికి వెళ్ళాడు, పన్నెండున్నరకు వచ్చాడు, నేను గడియారం చూశాను. ఫోను బతికి ఉంటే ఒక్క ఫోటో అయినా టైముతో సహా చూపించేవాణ్ణి.

"మీరు నిన్న మెస్సులో మూడు గంటలన్నారంట గదా సార్."

చెంచయ్య నా వైపు చూశాడు. పోలమ్మ కూడా చూసింది.

"అది నవ్వడానికి చెప్పింది సార్."

"ఒట్టు గూడా పెట్టినారంట."

"అదీ నవ్వడానికే."

"నవ్వడానికి చెప్పింది ఏదో, నిజం ఏదో మేం యెట్టా కనుక్కునేది సార్? నిన్న మీకు అతనితో ఏం సంబంధం లేదు, ఉన్నదున్నట్టు చెప్పినారు. ఈ రోజు వాళ్ళమ్మ మీ ఎనకాల ఉండాది." ఆయన అన్యాయంగా మాట్లాడలేదు. ఆ కుర్చీలో నేనున్నా అదే అనేవాణ్ణి. ఆపైన ఆయన గొంతు తగ్గించి, స్నేహంగా అన్నారు: "మీకు తెల్దు సార్. ఆ ఊరోళ్ళు."

పంచరు కొట్టుకి పరిగెత్తాను. కొట్టాయన పంపు వదలకుండా, "వొచ్చినాడు, ఏసిచ్చినా. టైమెవురు జూసినారు సామీ?" అన్నాడు. సంతకం పెట్టమంటే కొట్టు మూసి అన్నానికి పోయాడు. మాల్యాద్రిని పట్టుకుని కాళ్ళావేళ్ళా పడ్డాను. "నేను మీరు చెప్పిందే చెప్పినా సార్, నా సొంతానిది ఒక్క ముక్క కలపలేదు," అన్నాడు. అది నిజం. ఈ కథలో ఏమీ కలపని మనిషి అతనొక్కడే.

రెండు రోజులు స్టేషన్ ముందు వేపచెట్టు కింద పోలమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో. మొదటి రోజు మధ్యాహ్నం లోపలి నుంచి ఒక అరుపు వినిపించింది. నేను లేచి నిలబడ్డాను. "కూచో," అంది. "నువ్వు లోపలికి పోతే ఇంకొంచెం ఎక్కవ గొడతారు." కూర్చున్నాను. ఎన్ని అరుపులు వినిపించాయో నేను చెప్పను. చెబితే మీరు అందులో సగమే నమ్ముతారు, తప్పు నాదే.

మూడో రోజు పొద్దున మోటార్లు దొరికాయి. అసలు పోలేదు. గుంటల యజమాని బావమరిది వైండింగు కాలిపోయిందని వాటిని నెల్లూరు పంపించి, చెప్పడం మరిచిపోయాడు. మాల్యాద్రి వచ్చి ఎస్సైగారితో ఏదో చెప్పి, ఇద్దరూ కాస్త నవ్వుకున్నారు.

చెంచయ్యను వదిలేశారు. చొక్కా చేతికిచ్చి స్టేషన్ రైటరు ఒక పుస్తకం తెరిచాడు. "ఆదివారం ఆదివారం వొచ్చి సంతకం పెట్టిపో."

"మోటార్లు దొరికాయి కదండీ!" అన్నాను.

"దొరికినాయి సార్. కానీ పేరెక్కింది గదా. ఎక్కినాక కొన్నాళ్ళు ఉంటాది." తర్వాత పుస్తకం చూసి పిలిచాడు: "కంచెదిబ్బ చెంచయ్య!"

ఎదురుగా రెండడుగుల దూరంలో ఉన్న మనిషిని అలా పిలిచాడు.

"ఉండా సార్," అన్నాడు చెంచయ్య.

పోలమ్మ తల తిప్పుకుంది.

తిరుగు దారి

నేను వేరే ఆటోలో పోతానన్నాను. చెంచయ్య ఒప్పుకోలేదు. "రానూపోనూ అని మాట్లాడుకున్నాం గదా సారూ. ఆ పొద్దు బస్సు అందించలేకపోతి, ఇప్పుడు బస్సుకాడ దించితే నా మాట తీరిపోద్ది." తల్లిని ముందు సీట్లో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. దాన్ని కుడి చేత్తో ఎత్తి హ్యాండిల్ మీద పెట్టుకుని నడుపుతున్నాడు.

"చెంచయ్యా, తప్పు నాది," అన్నాను.

"పోనీలే సారూ. నువ్వు గాకపోతే ఇంకోడు."

ఓదార్పుకే అన్నాడు. మూడు రోజులుగా నేను విన్నవాటిలో అంతకన్నా భయంకరమైన మాట లేదు.

కొంచెం దూరం వెళ్ళాక కిరాణా కొట్టు ముందు ఆటో ఆపాడు. దిగలేదు. "అన్నా, టైమెంతయింది?"

"తొమ్మిదిన్నర."

"తొమ్మిదిన్నర. సరే అన్నా." కదిలాడు.

నాలుగు ఫర్లాంగులు పోయాక టీ బంకు దగ్గర మళ్ళీ ఆపాడు. "మామా, టైమెంత?" టీ పోసే ఆయన గోడ గడియారం చూసి చెప్పాడు. "చూసినావుగా మామా, నేను చెంచయ్యని. సార్ని బస్సుకి తీసకపోతుండా." ఆయన ఏమిటన్నట్టు చూసి, గ్లాసులు కడుక్కోవడంలో పడ్డాడు.

నాకు మూడో కొట్టు దగ్గర గానీ అర్థం కాలేదు.

"చెంచయ్యా, నా చేతికి వాచీ ఉందయ్యా. నన్నడుగు."

అతను అద్దంలో నన్ను చూశాడు. కోపం లేదు, ఎగతాళి కూడా లేదు.

"నీ టైము వొద్దులే సారూ," అన్నాడు.

బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. చెంచయ్య నా సంచీ లోపల పెట్టి కండక్టరును కూడా అడిగాడు. "నీకు టైముతో పనేందబ్బయ్యా, పెద్ద ఆఫీసరువి!" అని కండక్టరు నవ్వాడు. చెప్పలేదు. బస్సు బయల్దేరింది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. ఆటో పదడుగులు వెళ్ళి జామకాయల బండి దగ్గర ఆగింది. చెంచయ్య తల బయటపెట్టి ఏదో అడుగుతున్నాడు. కాయలమ్మే ఆమె తన రెండు చేతులూ ఎత్తి చూపించింది. ఆమె చేతికి గడియారం లేదు.